హిరకణి ఎక్కాలా, శివశాహి కోసం ఆగాలా? మహారాష్ట్ర యాత్రలో ఎస్టీ బస్సుల ఎంపిక

షిర్డీ, పండరీపురం, తుల్జాపూర్, త్ర్యంబకేశ్వరం. మనవాళ్లు మహారాష్ట్ర యాత్ర అనుకుంటే ఈ పేర్లలో రెండైనా ఉంటాయి. రైలు టికెట్ల వరకు ఇంట్లో అందరూ ఆరితేరినవారే. సోలాపూర్‌లోనో మన్మాడ్‌లోనో దిగి ఎస్టీ, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ, బస్టాండుకు చేరాకే తికమక మొదలవుతుంది. ఒక పక్క ఎర్ర బస్సు, దాని వెనక ఆకుపచ్చ, తెలుపు రంగుల బస్సు, అవతల అద్దాలు బిగించిన ఏసీ బస్సు. ఎవరిని అడిగినా లాల్‌పరి, హిరకణి, శివశాహి అని పేర్లు చెబుతారు కానీ ఏది ఎలాంటిదో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. గంటన్నర లోపు ప్రయాణమైతే ముందు వచ్చిన బస్సే మంచి బస్సు. రెండు నుంచి ఐదు గంటల పగటి ప్రయాణానికి ఏసీ లేని హిరకణి. మండువేసవి అయినా, వెంట పెద్దవాళ్లు ఉన్నా ఏసీ బస్సులైన శివశాహి లేదా శివాయి, అదీ ఏసీ పనిచేస్తోందని రూఢి చేసుకున్నాకే. ముంబయి, పుణేల మధ్య అయితే అన్నింటికంటే పై తరగతి శివనేరి. రాత్రంతా కూర్చుని వెళ్లాల్సిన దూరమైతే ఇవేవీ వద్దు, రైలు చూసుకోండి. ఇక కారణాలు.

మహారాష్ట్ర రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థను అక్కడ పూర్తి పేరుతో పిలిచేవారు అరుదు. అందరికీ అది ‘ఎస్టీ’. 1948 జూన్ 1న పుణే, అహ్మద్‌నగర్ మధ్య దాని తొలి బస్సు నడిచింది. మన ఆర్టీసీలు గరుడ, ఇంద్ర అని పురాణాలను ఆశ్రయించాయి. కర్ణాటక వాళ్లు ఐరావతాన్ని, మైసూరు దసరా అంబారీని రోడ్డెక్కించారు. ఎస్టీ మాత్రం కోటలను, ఆ కోటల చుట్టూ అల్లుకున్న కథలను పట్టుకుంది. శివనేరి శివాజీ పుట్టిన కోట. ఆ కోటలో కొలువైన అమ్మవారు శివాయి. శివశాహి అంటే శివాజీ ఏలుబడి. లాల్‌పరి, అంటే ఎర్రటి దేవకన్య, సాధారణ బస్సుకు జనం పెట్టుకున్న ముద్దుపేరు. దుమ్ము కొట్టుకుని వచ్చే ఆ బస్సును చూస్తే ఆ పేరు పెట్టినవారి చమత్కారాన్ని మెచ్చుకోవాలనిపిస్తుంది.

మన లెక్కలో చెప్పాలంటే లాల్‌పరి మన పల్లె వెలుగుకూ ఎక్స్‌ప్రెస్‌కూ సాటి. హిరకణి మన డీలక్స్ కంటే కాస్త మెరుగు, సూపర్ లగ్జరీ కంటే కాస్త తక్కువ. శివశాహిని ఇంద్రతోనో, తెలంగాణ రాజధాని బస్సుతోనో పోల్చుకోవచ్చు. శివనేరి అచ్చంగా గరుడ వరుస.

వీటిలో హిరకణి కథ వేరు. మిగిలినవి రాజుల, కోటల, దేవతల పేర్లు. ఇది ఒక పాలమ్మే మనిషి పేరు. రాయగఢ్ కింది పల్లె నుంచి కోటలోకి పాలు తీసుకువెళ్లేదట హిరకణి. ఒక ఆశ్వయుజ పౌర్ణమినాడు పాలు పోసేసరికి పొద్దుపోయింది, కోట తలుపులు మూసేశారు. తెల్లవారే దాకా తెరిచేది లేదన్నారు కావలివాళ్లు. ఇంట్లో చంటిబిడ్డ. బతిమాలినా లాభం లేకపోయింది. ఎవరూ దిగలేరని కాపలా కూడా పెట్టని నిటారైన కొండ అంచున, ముళ్లపొదలు పట్టుకుని, ఒళ్లంతా గీసుకుపోతున్నా దిగి బిడ్డను చేరుకుంది. సంగతి విన్న శివాజీ ఆమెను సత్కరించి, దిగిన చోట బురుజు కట్టించి ఆమె పేరు పెట్టాడని చెబుతారు. శత్రువుకు అందని కోటలో ఒక తల్లి దారి కనిపెట్టిందంటే ఆ దారిని మూయించడం రాజుకు అవసరమే కదా. సన్మానం, భద్రత రెండూ ఒకే బురుజుతో తీరిపోయాయని నా ఊహ. హిరకణి బురుజు ఇప్పటికీ రాయగఢ్ మీద ఉంది. కొండ ఎక్కే రోప్‌వే మొదలయ్యే ఊరి పేరు హిరకణివాడి. ఆసక్తి ఉన్నవారు మహాడ్ వరకు బస్సులో వెళ్లి అక్కడి నుంచి చేరుకోవచ్చు.

తెలంగాణ ఆర్టీసీ 2023లో తన ఏసీ స్లీపర్ బస్సులకు ‘లహరి – అమ్మ ఒడి అనుభూతి’ అని పేరు పెట్టింది. మన తల్లి ఒడిలో పడుకోబెడుతుంది, వాళ్ల తల్లి కొండ దిగి వస్తుంది. బస్సుల స్వభావం కూడా అలాగే ఉంటుంది. హిరకణిలో పడకలు ఉండవు, ఏసీ ఉండదు, సినిమా ఉండదు. ఉన్నవి ఏమిటంటే వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లు, తల ఆన్చుకునేంత ఎత్తున్న వీపు, తెరుచుకునే కిటికీ, తక్కువ స్టాపులు. బోర్డు మీద ‘నిమ్ ఆరామ్’ అని రాసి ఉంటే ఈ తరగతే అని గుర్తు. పాతతరం వాళ్లు దీన్ని ఇప్పటికీ ‘ఆసియాడ్’ అనే అంటారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటి పేరు అది, రంగులు మారినా నాలుక మీద నుంచి పోలేదు. విచారణ కౌంటరులో ‘హిరకణి’ అన్నా ‘ఆసియాడ్’ అన్నా పని జరుగుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఎస్టీ ఛార్జీని ఆరేసి కిలోమీటర్ల దశలుగా లెక్కవేస్తారు. 2025 జనవరి సవరణ తరువాత ఒక్కో దశకు సాధారణ బస్సులో సుమారు 10 రూపాయలు, హిరకణిలో 13.65, శివశాహిలో 14.20, శివనేరిలో 21.25 చొప్పున పడుతోంది. సోలాపూర్ నుంచి పండరీపురం దాదాపు 72 కిలోమీటర్లు, అంటే పన్నెండు దశలు. లాల్‌పరిలో 120 రూపాయలు, హిరకణిలో 164, శివశాహిలో 170. చిల్లర అటూ ఇటూ ఉండవచ్చు కానీ విషయం అర్థమైందనుకుంటాను. హిరకణికీ శివశాహికీ తేడా ఆరు రూపాయలు. పుణే నుంచి సోలాపూర్ వంటి 250 కిలోమీటర్ల దూరానికి కూడా పాతిక రూపాయలు దాటదు.

అంత తక్కువ తేడాకు ఏసీ వస్తుంటే హిరకణి ఎందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బే కొలత అయితే శివశాహి ఎక్కాల్సిందే. చిక్కు ఎక్కడంటే శివశాహి అద్దాలు బిగించిన బస్సు. 2017లో రోడ్డెక్కిన శ్రేణి ఇది, వాటిలో చాలా బండ్లు ఈపాటికి బాగా తిరిగి అలిసిపోయాయి. ఏసీ బాగుంటే హాయి. ఏసీ మొరాయిస్తే మాత్రం తెరవడానికి కిటికీ ఉండదు, సోలాపూర్ ఎండలో నలభై డిగ్రీల డబ్బాలో కూర్చున్నట్టే. హిరకణిలో చెడిపోవడానికి ఏసీయే లేదు. వేగంగా పోతున్నంతసేపు గాలి వస్తుంది, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆ గాలే చాలు. మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వానల దాకా మాత్రం నేను కూడా హిరకణి వైపు మాట్లాడను. ఆ కాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య ప్రయాణం తప్పకపోతే ఏసీ వెతుక్కోండి, తప్పించుకోగలిగితే తెల్లవారుజామున బయలుదేరండి.

శివశాహి ఎక్కేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బస్సు అప్పుడే వేరే ఊరి నుంచి వచ్చి ఆగి ఉంటే తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. లోపలి నుంచి చల్లటి గాలి తగిలితే ఎక్కండి. దిగుతున్నవాళ్ల చొక్కాలు చెమటకు వీపుకు అతుక్కుని ఉంటే తరువాతి బస్సు చూసుకోండి. ముందే రిజర్వేషన్ చేయించుకున్నవారికి ఈ వెసులుబాటు ఉండదు. అందుకే తక్కువ దూరానికి శివశాహిలో ముందస్తు టికెట్టు కొనవద్దంటాను. దూర ప్రయాణానికి, సెలవు రోజులకు రిజర్వేషన్ తప్పదు. ఎస్టీ సొంత వెబ్‌సైటులోనూ, యాప్‌లోనూ సీటు ఎంచుకోవచ్చు.

లాల్‌పరిని తక్కువగా చూసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. నలభై కిలోమీటర్ల దూరానికి ఏసీ బస్సు కోసం గంటంపావు బెంచీ మీద కూర్చునే కుటుంబాలు షిర్డీ బస్టాండులో ఎప్పుడూ కనిపిస్తాయి. ఆ గంటంపావులో మూడు లాల్‌పరిలు వెళ్లిపోతాయి. ఇటీవల కొత్త ఎర్ర బస్సులు చాలా డిపోలకు వచ్చాయి. వాటి సీట్లు, సస్పెన్షన్ పాతవాటికంటే ఎంతో నయం. అసలు లాల్‌పరితో ఇబ్బంది కుదుపులు కాదు, సీటు దొరకడం. బస్సు ప్లాట్‌ఫాం మీదికి తిరుగుతుండగానే జనం కిటికీలోంచి చేతిరుమాలో టోపీయో సంచీయో లోపలికి విసురుతారు. అది పడిన సీటు వాళ్లదే. గొడవపడి ప్రయోజనం లేదు, అది అక్కడి శాసనం. మీ ఇంట్లో చురుకైనవాడు ఒకడుంటే వాడికి రెండు రుమాళ్లు ఇచ్చి ముందు నిలబెట్టండి. అంత తోపులాట మీకు సరిపడకపోతే పండరీపురం లాంటి దూరానికి హిరకణికి 44 రూపాయలు ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు. నిజానికి ఆ 44 రూపాయలు మెత్తటి సీటుకు కాదు, కూర్చోగలమన్న నమ్మకానికి.

పండరీపురం దారిలో ఇంకో బస్సు కనిపించవచ్చు. ఒంటి మీద పాండురంగడి బొమ్మతో ఉంటుంది, పేరు విఠాయి. 2018లో వచ్చింది. బొమ్మకు దండం పెట్టుకోండి, కానీ అది చూసి తరగతి అంచనా వేయకండి. ఛార్జీ ఎంతో కండక్టరును అడిగి ఎక్కండి.

శివనేరి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది ముంబయి, పుణేల మధ్య ఎక్స్‌ప్రెస్‌వే బస్సుగా పేరు తెచ్చుకుంది, అక్కడే దానికి సార్థకత. 2023 నుంచి ఆ మార్గంలో విద్యుత్ శివనేరులు కూడా తిరుగుతున్నాయి. సీటు, నడక, సమయపాలన అన్నీ బాగుంటాయి. ముంబయిలో విమానం దిగి పుణే వెళ్లే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఇదే సరైనది. యాత్రికులకు దీనితో పని తక్కువ. శివాయి కూడా విద్యుత్ బస్సే. 2022 జూన్ 1న, తొలి ఎస్టీ బస్సు నడిచిన పుణే, అహ్మద్‌నగర్ మార్గంలోనే దీన్ని మొదలుపెట్టారు. ఇంజిన్ చప్పుడు లేకపోవడం వల్ల నిద్ర బాగా పడుతుంది. నాసిక్, సంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) వైపు పుణే నుంచి వెళ్లేవారు ఇది దొరికితే శివశాహిని వదిలేసి దీన్నే పట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇక మార్గాలవారీగా. సోలాపూర్ నుంచి తుల్జాపూర్ 45 కిలోమీటర్లు, అక్కల్‌కోట్ 40. రెండింటికీ లాల్‌పరి చాలు. సోలాపూర్‌లో భాష బెంగ కూడా అక్కరలేదు. మగ్గం పని పట్టుకుని తరాల కిందటే అక్కడికి చేరిన పద్మశాలి కుటుంబాల వల్ల బజారులో, ఆటో స్టాండులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. పండరీపురానికి హిరకణి దొరికితే మంచిది, అరగంటలో లేకపోతే ఎర్ర బస్సు ఎక్కేయండి. ఆషాఢ, కార్తీక ఏకాదశుల ముందు వెనక రోజుల్లో మాత్రం ఈ సలహాలేవీ పనికిరావు. ఎన్ని అదనపు బస్సులు వేసినా జనం వాటిని మించి ఉంటారు, దొరికిందే బస్సు.

మన్మాడ్ నుంచి షిర్డీ దాదాపు 60 కిలోమీటర్లు. నలుగురైదుగురు కలిసి వెళుతుంటే స్టేషన్ బయట ఉండే జీపుల బేరం బస్సు టికెట్లకు దగ్గరగా వస్తుంది. ఇద్దరే ఉంటే బస్సే లాభం. షిర్డీ నుంచి శని శింగణాపూర్‌కు మాత్రం నేను బస్సు చెప్పను. రానూపోనూ ఒకే రోజు, మధ్యలో దర్శనం వరుస, ఆ పైన బస్సు వేళలు మన వీలును బట్టి ఉండవు. అక్కడ పంచుకునే వాహనమే నయం.

షిర్డీ నుంచి త్ర్యంబకేశ్వరం వెళ్లేవారు నాసిక్‌లో బస్సు మారాలని ముందే అనుకోవాలి. షిర్డీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు, హిరకణికి ఇంతకంటే మంచి దూరం ఉండదు. నాసిక్ నుంచి త్ర్యంబకం 30 కిలోమీటర్లు, ఎర్ర బస్సు ముప్పావుగంట నుంచి గంటలో దింపుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు. అదే సమయంలో నాసిక్ సింహస్థ కుంభమేళా కూడా ఉంటుంది. గోదారి పుట్టిన చోటు చూడాలనుకుంటే ఆ రద్దీకి ముందే ఒకసారి వెళ్లి రావడం ఉత్తమం.

పుణే నుంచి భీమశంకరం 110 కిలోమీటర్ల చిల్లర. చివరి భాగం ఘాట్ రోడ్డు, వానాకాలం పొగమంచు. ఇలాంటి దారిలో కడుపులో తిప్పేవారికి బిగించిన ఏసీ బస్సు కంటే కిటికీ తెరుచుకునే బస్సు వెయ్యి రెట్లు మేలు. వాంతి మాత్ర ఎలాగూ వెంట ఉంచుకుంటారు కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సీటు చూసుకుంటే మాత్ర అవసరమే రాకపోవచ్చు. కొల్హాపూర్ అయితే హిరకణి, శివశాహి ఏదైనా సరే, రోడ్డు బాగుంటుంది.

ఆడవారికి ఒక మంచి వార్త, దానికో చిన్న షరతు. 2023 మార్చి 17 నుంచి ఎస్టీ బస్సుల్లో మహిళలకు సగం టికెట్టు. మన దగ్గర ఉచిత ప్రయాణం పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి వాటికే పరిమితమైతే అక్కడ లాల్‌పరి నుంచి శివనేరి దాకా అన్నింటికీ ఈ సగం వర్తిస్తుంది. కాబట్టి ఇద్దరు ఆడవాళ్లు కలిసి వెళితే సాధారణ బస్సులో ఇద్దరికి పడే పూర్తి ఛార్జీ కంటే తక్కువకే హిరకణి ఎక్కవచ్చు. రాయితీ మహారాష్ట్ర సరిహద్దు లోపలి ప్రయాణానికే. హైదరాబాదు దాకా వచ్చే ఎస్టీ బస్సులో సరిహద్దు దాటాక పూర్తి ఛార్జీ లెక్కే. వృద్ధులకు ఉన్న రాయితీలు ఆ రాష్ట్రవాసులను ఉద్దేశించినవి కాబట్టి మన అమ్మానాన్నలకు పూర్తి టికెట్టు అనుకునే ఖర్చు వేసుకోండి.

చంటిపిల్లలతో వెళ్లేవారు ఎస్టీ బస్టాండుల్లో ‘హిరకణి కక్ష్’ అన్న బోర్డు కోసం చూడండి. తల్లులు బిడ్డలకు పాలు ఇవ్వడానికి కేటాయించిన గది అది, పేరు ఎందుకు పెట్టారో ఇక చెప్పనక్కరలేదు. కొన్ని చోట్ల శుభ్రంగా ఉంటుంది, కొన్ని చోట్ల తాళం వేసి ఉంటుంది. తాళం ఉంటే విచారణ కౌంటరులో అడగండి, తీయిస్తారు.

బోర్డులు మరాఠీలోనే ఉంటాయి, వేళలు కూడా దేవనాగరి అంకెల్లో. హిందీ చదవగలిగితే చాలు, కానీ ఒకటి, తొమ్మిది అంకెల దగ్గర తడబడకండి. ఊళ్ల పేర్లు ఈమధ్య మారాయి. ఔరంగాబాద్ ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్, అహ్మద్‌నగర్ అహిల్యానగర్, ఉస్మానాబాద్ ధారాశివ్. పాత పేరు వెతుక్కుంటూ కళ్లెదుటి బస్సు వదిలేసుకునే ప్రమాదం ఉంది. ప్లాట్‌ఫాంను ‘ఫలాట్’ అంటారు. ‘జలద్’ అని ఉంటే ఎక్స్‌ప్రెస్, ‘వినా థాంబా’ అంటే మధ్యలో ఆగదు. ‘వినా వాహక్’ అని ఉంటే లోపల కండక్టరు ఉండడు, కిటికీ దగ్గర టికెట్టు కొన్నాకే ఎక్కాలి. ఎక్కి కూర్చున్నాక దింపేస్తే చిన్నతనంగా ఉంటుంది.

పుణేలో బస్సు పట్టాలంటే ఏ బస్టాండో ముందు తేల్చుకోవాలి. సోలాపూర్, పండరీపురం, కొల్హాపూర్ వైపు స్వార్‌గేట్. నాసిక్, సంభాజీనగర్, భీమశంకరం వైపు శివాజీనగర్. ఈ శివాజీనగర్ స్టాండును మెట్రో పనుల వల్ల 2019 చివర్లో వాకడేవాడికి తరలించారు. ఆటో ఎక్కేటప్పుడు శివాజీనగర్ అని మాత్రమే చెబితే పాత చోటే దింపే అవకాశం ఉంది, వాకడేవాడి ఎస్టీ స్టాండు అని స్పష్టంగా చెప్పండి. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సును నమ్ముకోకండి. గుడి ఉన్న చిన్న ఊళ్ల నుంచి సాయంత్రం ఆరు దాటాక బస్సులు పలచబడతాయి. అందుకే దిగగానే, దర్శనానికి పోకముందే, విచారణ కౌంటరులో ఆఖరి బస్సు వేళ అడిగి దానికి ముందు బస్సుకే బయలుదేరేలా చూసుకోండి.